విక్రేత ధర్మము

2003 వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఒక కర్మాగారమునకు దక్షిణాఫ్రికా వర్తకుని తరఫున ఒక ఆర్డరు వచ్చెను. అందు కోరబడిన వస్తువు అరచేతిలో ఇమిడెడు ఒక విద్యుత్ స్విచ్చి. ఇంజనీర్లు దానిని ట్రిగర్డ్ స్పార్క్ గ్యాప్ అందురు. మూత్రపిండములలో ఏర్పడిన రాళ్ళను కత్తి పెట్టకుండ, శరీరము వెలుపలినుండి పంపు తరంగముల తాకిడిచే పొడిచేయు లిథోట్రిప్టరు యంత్రములో, అధిక విద్యుచ్ఛక్తిని అత్యల్ప కాలములో ఒక్కుమ్మడిగా విడిచిపెట్టుట దాని పని. అణుబాంబులోని డిటొనేటర్లన్నిటిని ఏకక్షణమున పేల్చుటకును అదే స్విచ్చి, అదే పనిని, అదే నేర్పుతో చేయగలదు.

ఈ స్విచ్చులు సోవెటోలోని ఒక పెద్ద ఆసుపత్రి కొరకని వర్తకుడు చెప్పెను. కాని అతడు కోరినవి 200. ఒక ఆసుపత్రి ఒకమారు కొనునవి ఐదో ఆరో మాత్రమే. దక్షిణాఫ్రికానుండియే అజ్ఞాతవ్యక్తి యొకడు అమెరికా అధికారులకు ఈ సంగతి చేరవేసెను. తయారీ సంస్థ అధికారులతో సహకరించెను. మొదటి విడత స్విచ్చులు 66 ను పనికిరాకుండ చేసి పంపి, అవి ఎచటికి పోవునో కనిపెట్టి చూచిరి. అవి ఆసుపత్రికి పోలేదు; ఇస్లామాబాదునకు పోయెను. 2004 జనవరి 1 న ఆ వర్తకుడు డెన్వరు విమానాశ్రయమున నిర్బంధింపబడెను.

రోగికి ఉపశమనము కలిగించు పరికరమే నగరమును భస్మము చేయు సాధనమునకు అంగమగుట ఈ యుగమునకు ప్రత్యేకమైన ధర్మసంకటము. ఇట్టి వస్తువులను ద్వంద్వ వినియోగ వస్తువులందురు. వీని ఎగుమతిని ఎట్లు అదుపుచేయవలెనను ప్రశ్నకు గత ఏడు దశాబ్దములలో దేశములు ఒప్పందములతోను, జాబితాలతోను, లైసెన్సులతోను సమాధానము వెదకుచు వచ్చినవి. ఆ వెదకులాట చరిత్రను ఓపికతో పరిశీలించినవారికి ఒక సత్యము గోచరించును: జాబితా ఎంత పెద్దదైనను అది వస్తువును మాత్రమే గుర్తింపగలదు, కొనువాని సంకల్పమును గుర్తింపజాలదు, ఆ సంకల్పమును శంకించి, "ఇది ఎవరికి, ఇంత ఎందులకు" అని అడుగు మనుష్యుడొకడు అమ్మకపు బల్లవద్ద ఉన్నపుడు నియంత్రణ నిలిచినది, అతడు లేనపుడో, ఉండియు అతని నోరు మూయబడినపుడో అది కూలినది.

మాంటిలు దీపమునుండి అణుభట్టి వరకు

ఈ సమస్యతో భారతదేశమునకు గల పరిచయము మిక్కిలి పాతది. తిరువాన్కూరు సముద్రతీరపు ఇసుకలో మోనజైటు అను ఖనిజము కలదని 1909 లో జర్మను రసాయనవేత్త షాంబర్గు కనుగొనెను. ఆ ఖనిజమునుండి తీసిన థోరియము లవణముచే సిద్ధపరచిన మాంటిలు గ్యాసు దీపమునకు తొడిగినపుడు ప్రకాశవంతమైన తెల్లని వెలుగు నిచ్చెడిది. పెట్రోమాక్సు దీపముల వెలుతురులో పెండ్లి ఊరేగింపులను, వీధి నాటకములను చూచిన మన తాతల తరమునకు తమకు తెలియకయే ఆ ఖనిజముతో చుట్టరికము కలిగెను. నేటి అంచనాలలో దేశమందలి మోనజైటు నిల్వలలో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్ తీరముననే ఉన్నదను సంగతి తెలుగు పాఠకులు గుర్తుంచుకొనదగినది.

అణుయుగము ప్రారంభము కాగానే థోరియమునకు గల విలువయే మారిపోయెను. రియాక్టరులో న్యూట్రానుల తాకిడికి గురియైన థోరియము యురేనియము-233 గా మారును. అది విచ్ఛిత్తి చెందగల పదార్థము. కావుననే 1953 లో, కొరియా యుద్ధము విరమించు దినములలో, భారతదేశము ఒక టన్ను ప్రాంతపు థోరియం నైట్రేటును పోలండు ఓడపై చైనాకు పంపినపుడు అమెరికాలో పెద్ద కలకలము రేగెను. నిషిద్ధమైన యుద్ధోపయోగ వస్తువులను కమ్యూనిస్టు దేశములకు అమ్మిన రాజ్యమునకు సహాయము నిలిపివేయవలెనని 1951 లో అమెరికా చేసికొన్న బాటిల్ చట్టము శాసించుచుండెను. పరదేశపు చట్టము మన వాణిజ్యమునకు హద్దులు గీయుటను నెహ్రూ అంగీకరింపలేదు. అమెరికా ప్రభుత్వమునకు భారతదేశమును దూరము చేసికొనుటకు మనసొప్పలేదు. తర్జనభర్జనల పిమ్మట సహాయము ఆగకుండ ఒక మార్గము వెదకుకొనిరి. దీపపు మాంటిలునకు వాడు లవణము అంతర్జాతీయ వివాదమునకు కారణమైన ఆ సంఘటనలో, తరువాతి కాలమున తలయెత్తిన ప్రశ్నలన్నియు బీజరూపమున కానవచ్చును: వస్తువు ఒకటి, ఉపయోగములు రెండు, నిషేధించు హక్కు ఎవరిది?

జాబితాల పుట్టుక

1970 మార్చి 5 న అమలులోనికి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందము ఈ ప్రశ్నకు ఒక పాక్షిక సమాధానము నిచ్చెను. అణుపదార్థములనుగాని, వానిని శుద్ధిచేయుటకు ప్రత్యేకముగా రూపొందించిన పరికరములనుగాని, అంతర్జాతీయ తనిఖీలకు లోబడనిదే ఇతరులకు సరఫరా చేయరాదని అందలి మూడవ అధికరణము నిర్దేశించెను. ఐతే ప్రత్యేకముగా రూపొందించిన పరికరములనగా ఏవి? ఈ అంశమును తేల్చుటకు 1971 లో సరఫరాదేశముల నిపుణులు కొందరు స్విట్జర్లాండునకు చెందిన క్లాడ్ జాంగర్ అధ్యక్షతన సమావేశమగుట ఆరంభించిరి. రియాక్టర్లు, ఇంధనపు కడ్డీలను చేయు కర్మాగారములు, భారజలము మున్నగువానిని పేర్కొనుచు వారు కూర్చిన జాబితా 1974 లో వెలువడెను.

ఆ సంవత్సరమే మే 18 న రాజస్థాను ఎడారిలోని పోఖరానులో భారతదేశము భూగర్భ అణుపరీక్ష జరిపెను. దానికి వాడిన ప్లుటోనియము ట్రాంబేలోని సైరస్ రియాక్టరునుండి వచ్చినది. ఆ రియాక్టరును కొలంబో ప్రణాళిక క్రింద కెనడా సమకూర్చెను; దానికి వలసిన భారజలమును అమెరికా ఇచ్చెను; ఒడంబడికలలో శాంతి ప్రయోజనములకే వాడవలెనను షరతు ఉండెను. ఇది శాంతియుత విస్ఫోటనమే గాన షరతు ఉల్లంఘింపబడలేదని మన ప్రభుత్వము వాదించెను. కెనడా ఆ వాదమును త్రోసిపుచ్చి సహకారమును నిలిపివేసెను. మరుసటి సంవత్సరమే అమెరికా, సోవియట్ యూనియను, బ్రిటను, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, కెనడా, జపాను అను ఏడు దేశముల ప్రతినిధులు లండనులో రహస్యముగా సమావేశమైరి. ప్రచ్ఛన్నయుద్ధములో పరస్పరము గుర్రుమనుచున్న అమెరికా రష్యాలు ఒకే బల్లచుట్టు కూర్చుండుటయే ఆ భయము ఎంతటిదో తెలుపును. ఈ సమావేశములనుండియే అణు సరఫరాదారుల బృందము పుట్టెను. 1978 లో దాని మార్గదర్శక సూత్రములు ప్రకటింపబడెను.

ఆ సూత్రములు రియాక్టరువంటి పెద్ద వస్తువులకు కాపలా పెట్టినవి. కాని ఆ సమయముననే, వాకిటనున్న కావలివారి కంటబడకుండ, పెరటిదారిని వేరొక కథ నడచుచుండెను.

ఆంస్టర్డాం నుండి కహుటా వరకు

ప్రకృతిలో దొరకు యురేనియములో విచ్ఛిత్తి చెందు 235 రకపు పాలు నూటికి ఒకటికంటె తక్కువ. విద్యుత్కేంద్రములలో పెక్కింటికి దానిని మూడు నుండి ఐదు శాతము వరకు పెంచవలెను. బాంబునకు సుమారు తొంబది శాతము వరకు. దీనికి సులభమైన సాధనము సెంట్రిఫ్యూజి. యురేనియమును వాయువుగా మార్చి, నిమిషమునకు వేలకొలది మారులు తిరుగు సన్నని గొట్టములో నింపినపుడు, కవ్వమునకు లొంగిన పెరుగునుండి వెన్న విడివడినట్లు, బరువైన రకము అంచులకును తేలికయైనది నడుమకును చేరును. ఒక గొట్టము చేయు పని స్వల్పము. వేలకొలది గొట్టములను వరుసగా కలిపినచో బాంబునకు వలసిన సరకు సిద్ధించును. అంతటి వేగమునకు తాళు గొట్టమునకు మారేజింగ్ ఉక్కు కావలెను. లోన వాక్యూం పంపులు, బేరింగులు, వలయాకారపు అయస్కాంతములు కావలెను. మోటారును త్రిప్పుటకు ఇన్వర్టర్లు కావలెను. వీనిలో ఏ ఒక్కటియు విడిగా చూచినపుడు బాంబు కాదు.

బ్రిటను, హాలెండు, పశ్చిమ జర్మనీలు కలసి నెలకొల్పిన యురెన్కో సంస్థ ఈ యంత్రముల నిర్మాణములో అగ్రగామి. దానికి పనిచేసిపెట్టు ఆంస్టర్డాం ప్రయోగశాల ఒకదానిలో 1972 లో అబ్దుల్ ఖదీర్ ఖాన్ అను పాకిస్తానీ లోహశాస్త్రజ్ఞుడు ఉద్యోగమున చేరెను. జర్మను భాషలోని రహస్యపత్రములను డచ్చి భాషలోనికి అనువదించు పని కూడ అతనికి అప్పగింపబడెను. అతనితో ఒకే గదిలో పనిచేసిన ఫ్రిట్స్ ఫేర్మాన్ అను ఫొటోగ్రఫీ నిపుణుడు, ప్రయోగశాల దాటి పోరాని పత్రములు ఖాన్ ఇంట ఉండుటను గమనించి, పైవారికి తెలియజేసెను. పైవారు పెడచెవిని పెట్టిరి. కాలక్రమమున ఉద్యోగము పోగొట్టుకొన్నవాడు ఫేర్మానే. ఖాన్ 1975 డిసెంబరులో స్వదేశమునకు వెడలిపోయెను. యంత్రముల నమూనాలతోబాటు, ఏ వస్తువును ఏ కంపెనీ అమ్మునను చిరునామాల జాబితాయు అతని వెంట పోయెను. పాకిస్తానులోని కహుటాలో సెంట్రిఫ్యూజి కర్మాగారము లేచెను. 1975 లోనే అతనిని పట్టుకొనుటకు డచ్చివారు సిద్ధపడగా, పోనిచ్చి కనిపెట్టి చూతమని అమెరికా గూఢచారి సంస్థ కోరెనని, హాలెండులో నాడు ఆర్థిక మంత్రిగాను, తరువాత ప్రధానిగాను ఉన్న రూడ్ లుబ్బర్స్ 2005 లో వెల్లడించెను.

ఖాన్ కొనుగోళ్ళ చతురత తెలియవలెనన్న ఇన్వర్టర్ల వృత్తాంతము చాలును. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహించును. సెంట్రిఫ్యూజి మోటారునకు దానికి ఎన్నో రెట్ల ఆవృత్తి కావలెను. నూలుమిల్లులలోను అట్టి ఇన్వర్టర్లు వాడుదురు గనుక, బట్టల మిల్లునకని చెప్పి, నడుమ వర్తకుల ద్వారా, బ్రిటనులోని స్విండను పట్టణమునుండి వానిని తెప్పించుట సులభమైనది. 1978 జులైలో లేబరు పార్టీ సభ్యుడు ఫ్రాంక్ అలౌన్ పార్లమెంటులో లేచి, పాకిస్తానుకు ఈ యంత్రములు ఎందులకని ప్రశ్నించెను. అప్పటికే మొదటి విడత సరకు పోయియుండెను. ప్రభుత్వము మేలుకొని ఇన్వర్టర్లను నియంత్రిత వస్తువుల జాబితాలో చేర్చెను; కాని నమూనా చేతికి వచ్చినవారు మిగిలినవానిని స్వయముగా చేసికొనుటకును, విడిభాగములుగా మరొక త్రోవను కొనుటకును నేర్చుకొనిరి.

రాజ్యముల అవసరములు ధర్మమునకు అడ్డుపడిన తీరును ఈ ఘట్టమే చూపును. 1979 లో అమెరికాలోని కార్టరు ప్రభుత్వము పాకిస్తానునకు సహాయమును ఆపెను. ఆ సంవత్సరము చివర సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాను ప్రవేశించుటతో, పాకిస్తాను అవసరము ముంచుకొనివచ్చి, 1981 నుండి సహాయము మరల ప్రవహించెను. 1985 నాటి ప్రెస్లర్ సవరణ ప్రకారము పాకిస్తానునకు బాంబు లేదని అమెరికా అధ్యక్షుడు ఏటేట ధ్రువపరుపవలసి ఉండగా, ఆఫ్ఘను యుద్ధము సాగినంతకాలము ఆ ధ్రువీకరణ లభించుచునే యుండెను. సోవియట్ సేనలు వెనుదిరిగిన పిదప, 1990 లో అది ఆగెను. తెలిసినవారు తెలియనట్లు ఉండుటకంటె నియంత్రణకు పెద్ద శత్రువు లేడు.

బాగ్దాదు నేర్పిన పాఠము

1978 లో సూత్రములను ప్రకటించిన తరువాత అణు సరఫరాదారుల బృందము పదమూడేండ్లు సమావేశమే కాలేదు. ఆ నిద్రను భంగపరచినది ఇరాకు. 1991 గల్ఫ్ యుద్ధానంతరము ఆ దేశమునకు వెళ్ళిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు, తాము ఏండ్లతరబడి పరీక్షించుచున్న స్థలముల చెంతనే రహస్య అణుకార్యక్రమము కొనసాగినట్లు కనుగొనిరి. ఆ సెప్టెంబరులో బాగ్దాదులోని ఒక కార్యాలయమునుండి పత్రములు సేకరించిన తనిఖీ బృందమును ఇరాకు సైనికులు వాహనముల నిలుపు స్థలమున నాలుగు దినములు నిర్బంధించినను, వారు ఆ పత్రములను విడువలేదు. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా వాడి, పాతబడినదని వదలివేసిన విద్యుదయస్కాంత పద్ధతిని ఇరాకు ఎన్నుకొనెను. అది పాతబడినదగుటచేతనే దానిని ఎవరును అనుమానింపలేదు. దానితోబాటు సెంట్రిఫ్యూజి పనియు సాగెను. అందులకు జర్మను నిపుణులే తోడ్పడిరి.

ఇరాకు కొన్నవానిలో పెక్కు లేతులు, పంపులు, లోహపు దిమ్మెలు. అనగా ప్రత్యేకముగా రూపొందించినవి కావు, ప్రపంచములోని ఏ కర్మాగారములోనైన కానవచ్చునవి. పాత జాబితాకు అవి కనబడలేదు. 1992 లో వార్సాలో కూడిన 27 దేశములు ఈ లోపమును సరిదిద్దుచు, ద్వంద్వ వినియోగ వస్తువులకు వేరొక జాబితాను నిర్మించినవి. అందు 60 కి పైగా అంశములు చేరెను. సూక్ష్మ ప్రమాణములతో కోయగల యంత్రములు, మారేజింగ్ ఉక్కు, కార్బన్ నార, ఇన్వర్టర్లు, స్పార్క్ గ్యాపులు మున్నగునవి అన్నియు అందున్నవి. నిషేధము కాదు, విచారణ; ఎవరికి, ఎందులకు, ఎచట వాడుదురని తెలిసికొని అనుమతి నిచ్చుట దాని లక్ష్యము.

ఆ సంవత్సరముననే లండనులో మరియొక పాఠము వెలికివచ్చెను. కొవెంట్రీ నగరములోని మేట్రిక్స్ చర్చిల్ కంపెనీ, ఇరాకుకు లేతులను అమ్ముటలో వాని సైనికోపయోగమును దాచెనను నేరముపై ఆ కంపెనీ అధికారులు ముగ్గురు న్యాయస్థానమున నిలిచిరి. వారిలో ఒకడు ఇరాకు సంగతులను బ్రిటను గూఢచారి సంస్థకే చేరవేయుచుండెననియు, ఆ సైనికోపయోగము ప్రభుత్వమునకు తెలిసియే అనుమతులు లభించెననియు, మాజీ మంత్రి అలన్ క్లార్క్ సాక్ష్యముతో బయలుపడి, 1992 నవంబరులో ఆ అభియోగము కుప్పకూలెను. సర్ రిచర్డ్ స్కాట్ జరిపిన విచారణ నివేదిక 1996 లో వెలువడి, పార్లమెంటుకు చెప్పకయే విధానమును సడలించిన మంత్రుల నడతను బట్టబయలు చేసెను. విక్రేతకు ఒక మాటయు పార్లమెంటుకు వేరొక మాటయు చెప్పు రాజ్యము తన చట్టమును తానే చులకన చేసికొనును.

ఇందుకు విరుద్ధముగా, పతనమునుండి పాఠము నేర్చిన సంస్థయు లేకపోలేదు. జర్మనీలో వాక్యూం పరికరములకు ప్రసిద్ధమైన లైబోల్డ్ కంపెనీ సరకు పాకిస్తానుకును ఇరాకుకును చేరినదని తేలి అపకీర్తి మూటగట్టుకొనిన పిమ్మట, 1990 దశకారంభమున, లాభముకంటె అణ్వస్త్రవ్యాప్తిని అడ్డుటయే ముఖ్యమని తనకు తాను నియమము విధించుకొని, అనుమానాస్పదమైన ఆర్డర్ల సంగతిని ప్రభుత్వమునకు తెలియజేయుట ప్రారంభించెను. చట్టము కోరినదానికి మించి విక్రేత స్వయముగా పూనుకొనిన ఆ మార్పు, పలు సంస్థలకు ఆదర్శమైనది.

ఐదు కంటెయినర్లు

2003 అక్టోబరులో దుబాయినుండి బయలుదేరి సూయెజు కాలువ దాటిన బి.బి.సి. చైనా అను జర్మను ఓడను ఇటలీలోని టరాంటో రేవుకు మళ్ళించి, ఐదు కంటెయినర్లను దింపిరి. వానిలో వేలకొలది సెంట్రిఫ్యూజి భాగములు ఉండెను, గమ్యము లిబియా. ఆ భాగములు మలేషియాలోని షా ఆలం పట్టణమున ఒక సాధారణ యంత్రశాలలో తయారైనవి. అవి దుబాయిలోని చమురు, గ్యాసు పరిశ్రమకని తాము నమ్మితిమని ఆ కంపెనీ చెప్పెను. నమూనా యూరపుది, తయారీ మలేషియాది, మజిలీ దుబాయిది, గమ్యము ఆఫ్రికాది, సూత్రధారి ఏ.క్యూ. ఖాన్. కొనుగోలుదారుగా ఆరంభించినవాడు ఇప్పుడు విక్రేతయై, లిబియాకు, ఇరానుకు, ఉత్తర కొరియాకు తన విద్యను అమ్మియుండెను. 2003 డిసెంబరు 19 న లిబియా తన రహస్య ఆయుధ కార్యక్రమములను వదలుకొనుచున్నట్లు ప్రకటించెను. 2004 ఫిబ్రవరి 4 న ఖాన్ పాకిస్తాను టెలివిజనులో నేరమును ఒప్పుకొనెను.

సరఫరాదేశముల కూటమి ఎంత బలమైనదైనను, ఆ కూటమిలో లేని దేశపు చిన్న యంత్రశాల చాలును దానిని దాటుటకు: ఇది ఆ ఐదు కంటెయినర్లు నేర్పిన పాఠము. నాడు మలేషియాలో ఇట్టి ఎగుమతులకు సమగ్రమైన చట్టమే లేదు. ఆ దేశము 2010 లో గాని దానిని చేసికొనలేదు. 2004 ఏప్రిల్ 28 న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఏకగ్రీవముగా ఆమోదించిన 1540 వ తీర్మానము, ప్రతి దేశమును తన సరిహద్దులలో నియంత్రణ చట్టములు చేసి అమలుపరుపవలెనని ఆదేశించెను. జాబితాలో లేని వస్తువైనను, అది అణ్వస్త్రమునకు పోవునని తెలిసినచో అనుమతి లేనిదే పంపరాదను నియమమును అణు సరఫరాదారుల బృందము కూడ అదే సంవత్సరము స్వీకరించెను. ముప్పదియేండ్లు వస్తువును చూచిన చట్టము, చివరకు సంకల్పమును చూచుట నేర్చినది.

హైదరాబాదు అనుభవము

ఈ చరిత్రలో భారతదేశపు స్థానము విలక్షణమైనది. ఆంక్షల బాధను మనవలె అనుభవించిన దేశములు తక్కువ. తారాపూరు విద్యుత్కేంద్రమునకు అమెరికా పంపెడి యురేనియమును ఇంధనపు కడ్డీలుగా మలచుట 1971 లో హైదరాబాదున నెలకొన్న అణుఇంధన సముదాయపు పనులలో ఒకటి. పోఖరాను తరువాత ఆ సరఫరా చిక్కులలో పడి, 1978 నాటి అమెరికా చట్టముతో ఆగగా, 1982 లో ఫ్రాన్సు ఆ బాధ్యతను స్వీకరించువరకు నగరములోని ఆ సంస్థ ముడిసరకు కొరకు ఎదురుచూచెను. 1998 మే అణుపరీక్షల తరువాత, అమెరికా తన నిషిద్ధ సంస్థల జాబితాలో చేర్చిన భారతీయ సంస్థలలో హైదరాబాదులోని భారత్ డైనమిక్స్, రక్షణ పరిశోధన ప్రయోగశాల ఉన్నవి; 2011 లో గాని అవి అందుండి వెలుపలికి రాలేదు.

నిరాకరణ మనకు స్వయంకృషిని నేర్పినదను మాట సత్యమే. 1973 లో హైదరాబాదున స్థాపితమైన మిశ్రధాతు నిగము, అంతరిక్ష రాకెట్ల పొట్టకు వలసిన మారేజింగ్ ఉక్కును స్వదేశముననే పోతపోయుటకు నేర్చెను. కాని ఈ విజయమును తలచి గర్వించు మనస్సుతోనే ఒక సంగతి గ్రహింపవలెను: ఉపగ్రహమును ఆకాశమునకు మోయు ఆ ఉక్కే కహుటాలో సెంట్రిఫ్యూజి గొట్టములకు పనికివచ్చినది. దానిని చేయనేర్చిన దినముననే మనకు దానిని కాపాడు బాధ్యతయు సంక్రమించినది. కొనువారి పక్షము నుండి అమ్మువారి పక్షమునకు మనము చేరితిమి.

ఈ బాధ్యతను మన ప్రభుత్వము గుర్తించి, 2005 లో సామూహిక విధ్వంసకాయుధముల చట్టమును చేసెను. ప్రత్యేక రసాయనములు, జీవులు, పదార్థములు, పరికరములు, సాంకేతిక విజ్ఞానము అను వర్గములతో కూడిన స్కోమెట్ జాబితాను విదేశీ వాణిజ్య డైరెక్టరేటు నిర్వహించుచున్నది. అందలి అణువస్తువులకు అనుమతి నిచ్చునది అణుశక్తి శాఖ. వస్తువులేగాక, నమూనాచిత్రములు, సాఫ్టువేరు కూడ ఆ అదుపులోనివే. 2008 సెప్టెంబరు 6 న అణు సరఫరాదారుల బృందము భారతదేశమునకు తన నియమములనుండి ప్రత్యేక మినహాయింపు నిచ్చెను. ఇతర ఎగుమతి నియంత్రణ కూటములైన క్షిపణి సాంకేతిక నియంత్రణ వ్యవస్థలో 2016 లోను, వాసెనార్ ఏర్పాటులో 2017 లోను, ఆస్ట్రేలియా బృందములో 2018 లోను మనము సభ్యులమైతిమి. మన పరీక్షయే పుట్టించిన అణు సరఫరాదారుల బృందములో మాత్రము, 2016 లో దరఖాస్తు పెట్టుకొన్నను, సభ్యత్వము లభింపలేదు. అచటి నిర్ణయములకు ఏకాభిప్రాయము కావలెను, అది కుదరలేదు.

ఈ వ్యవస్థలో అన్యాయము లేదని నేను చెప్పబోను. వేలకొలది బాంబులను తమ ఆయుధాగారములలో దాచుకొన్న రాజ్యములు, ఇతరులకు లేతు యంత్రము అమ్ముటకు ధర్మపన్నములు పలుకుట బీదదేశములకు మింగుడుపడకపోవుట సహజము. ఆసుపత్రి పరికరమునకై, ఎరువుల కర్మాగారపు పంపునకై నెలలతరబడి అనుమతికి ఎదురుచూచువాని కష్టము నిజమైనది. ఐతే ఈ అన్యాయమునకు పరిహారము అణ్వస్త్రములను తగ్గించుటలోను, అనుమతులను వేగముగా, పక్షపాతము లేకుండ ఇచ్చుటలోను ఉన్నదిగాని, ద్వారములను బార్లా తెరచుటలో లేదు. ఖాన్ జాలము పేదదేశములను స్వతంత్రములను చేయలేదు. కొందరు వర్తకులను ధనికులను చేసినది.

అడుగవలసిన ప్రశ్న

నేడు సూక్ష్మ యంత్రపరికరములు చేయు సామర్థ్యము కొన్ని సంపన్నదేశముల సొత్తు కాదు. హైదరాబాదులోని బాలానగరు వాడలో, రాకెట్టుకును క్షిపణికిని విడిభాగములు తయారుచేయు చిన్న యంత్రశాలలు ఎన్నియో ఉన్నవి. విదేశీ కొనుగోలుదారుడు నమూనాచిత్రము పంపి, మంచి ధరయు చెప్పి, వినియోగమేమో సరిగా చెప్పకుండ పనిని అప్పగించుట వానిలో ఎవరికైనను ఎదురుకావచ్చును. షా ఆలంలోని యంత్రశాలకు ఎదురైనదియు అదియే. అట్టివేళ అక్కడి యజమానికి, ఇంజనీరుకు, గుమాస్తాకు అణుభౌతికశాస్త్రము తెలియవలసిన పనిలేదు. పరిమాణము అవసరమునకు తగియున్నదా? గొట్టముల కొలతలు చెప్పిన పనికి పొసగుచున్నవా? కొనువాడు నగదుగా ఎక్కువ ఇచ్చి, యంత్రమును బిగించు సహాయమును, మరమ్మతు హామీని వలదనుచున్నాడా? సరకు చేరవలసిన చిరునామా కేవలము రవాణా వర్తకునిదేనా? ఇవి కస్టమ్సు అధికారులు ప్రపంచమంతట వెదకు గురుతులు; ఏ వర్తకునికైన ఇంగితజ్ఞానమునకు అందునవే.

అట్టి ప్రశ్న అడిగినవానికి చట్టము కవచము కావలెను. ఫ్రిట్స్ ఫేర్మాన్ ఆనాడు చెప్పినది విని, అతనిని వీధిపాలు చేయక గౌరవించియున్నచో, కహుటాకు పోయిన విద్యలో కొంతయైన ఆంస్టర్డాంలోనే ఆగియుండెడిది. కావున మన ఇంజనీరింగు కళాశాలలలో యంత్రముల కోతను నేర్పువారు ఎగుమతి చట్టమును కూడ నేర్పవలెను; చిన్న పరిశ్రమల సంఘములు తమ సభ్యులకు స్కోమెట్ జాబితాను తెలుగులో వివరించి చెప్పవలెను; అనుమానముతో ఆర్డరును వదలుకొన్న వర్తకునికి అధికారులు వేధింపునుగాక తోడ్పాటును అందింపవలెను. లాభము వచ్చు ఆర్డరును వలదనుటకు గుండెదిటవు కావలెను. ఆ దిటవును ఒంటరివాని మనస్సాక్షిపై మాత్రమే మోపి సమాజము చేతులు దులుపుకొనరాదు.

శాంతిని రాజ్యములు ఒప్పందములతో కాపాడునని మనము తలంతుము. ఈ డెబ్బదియేండ్ల చరిత్ర చెప్పుచున్నది వేరు. ఒప్పందములు త్రోవను చూపినవి. ఆ త్రోవను కాచినవారు మాత్రము ఒక ఫొటోగ్రాఫరు, ఒక పార్లమెంటు సభ్యుడు, ఒక అజ్ఞాత సమాచారదాత, అనుమానాస్పదమైన ఆర్డర్లను తెలియజేసిన ఒక కంపెనీ. నిర్మాణశక్తిలో ముందడుగు వేయుచున్న మన దేశము ఈ గుణమునందును ముందుండవలెనని, తాను చేసిన ప్రతి సూక్ష్మవస్తువు ఎవరి చేతికి పోవుచున్నదో తెలిసికొనుటను విక్రేత తన ధర్మముగా నెంచవలెనని, నేను మనసార కోరుచున్నాను.